యుద్ధ వార్తల నుంచి డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీకి మారడం ఎలా?

ప్రశ్న:
ఏళ్ల తరబడి ఘర్షణ ప్రాంతాల నుంచి వార్తాసంస్థలకు ఫొటోలు పంపుతున్నాను. బాంబు పడిన ఇంటి ఫొటో మర్నాడు మొదటి పేజీలో వస్తుంది. ఆ ఇంటివాళ్లు తరువాత ఏమయ్యారో తెలుసుకునేలోపే ఎడిటర్ మరో చోటికి వెళ్లమంటారు. ఇకపై ఒకే విషయం మీద దీర్ఘకాలం పనిచేయాలని ఉంది. ఇప్పటిదాకా చేసిన పని అందుకు అక్కరకొస్తుందా? అసైన్‌మెంట్లు తగ్గితే ఖర్చులు ఎలా గడుస్తాయి?

జవాబు 1:
తప్పకుండా అక్కరకొస్తుందండి. పాత ఫొటోల దగ్గరికే తిరిగి వెళ్లడం అన్నిటికన్నా గట్టి దారి అని నా నమ్మకం. అమెరికన్ ఫొటోగ్రాఫర్ సూసన్ మైసెలాస్ 1978, 79లలో మధ్య అమెరికాలోని నికరాగువా తిరుగుబాటును చిత్రీకరించారు. పదేళ్లు గడిచాక ఆ ఫొటోల్లోని మనుషులను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు చెప్పింది విని, 1991లో మరికొందరితో కలిసి డాక్యుమెంటరీ సినిమా తీశారు. 2004లో అవే ఫొటోలను గోడంత పెద్దవిగా ముద్రించి, ఎక్కడ తీశారో అక్కడే నిలబెట్టారు. అంతకుముందు విదేశీ పాఠకులు పత్రికల్లో చూసిన దృశ్యాలను అక్కడి జనం తమ వీధిలోనే నిలబడి చూశారు. మీరూ అచ్చుకు నోచుకోని ఫ్రేములు ముందు బయటికి తీయండి. పేలుడు జరిగిన మర్నాడు వాకిట్లో గాజుపెంకులు ఊడ్చుకుంటున్న మనిషి ఫొటో వార్తకు పనికిరాకపోవచ్చు, మీరు ఇప్పుడు చేయాలనుకుంటున్న పని మాత్రం అక్కడే మొదలవుతుంది.

జవాబు 2:
దానికి ముందు ఒప్పందాలు చదవండి. జీతానికి పనిచేస్తూ తీసిన ఫొటోల హక్కులు చాలాచోట్ల సంస్థకే చెందుతాయి. ఫ్రీలాన్సర్ల విషయంలో సంతకం చేసిన కాగితాన్ని బట్టి ఉంటుంది. డబ్బు సంగతికొస్తే, డబ్ల్యూ. యూజీన్ స్మిత్ గ్రాంటు, పులిట్జర్ సెంటర్ వంటివి ఈ తరహా పనికి తోడ్పడతాయి. అయితే ‘యుద్ధ బాధితులు’ అని రాస్తే చాలదు. ఎవరి జీవితం, ఏ ఊళ్లో, ఎందుకు ఇప్పుడు అన్నది దరఖాస్తులో తేటగా కనిపించాలి. గ్రాంటు చేతికందేదాకా అసైన్‌మెంట్లు పూర్తిగా మానుకోవద్దు.

జవాబు 3:
మొదటి జవాబుతో నేను పూర్తిగా ఏకీభవించలేను, ఎందుకంటే పాత చోటికి తిరిగి వెళ్లడం అందరి మనసూ తట్టుకోగలిగేది కాదు. 1994లో రువాండా మారణకాండను చూసిన బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ సెబాస్టియావో సల్గాడో ఆరోగ్యం దెబ్బతింది. ఆయన బ్రెజిల్‌లోని కుటుంబ భూమికి చేరి, భార్య లేలియాతో కలిసి 1998లో ఇన్‌స్టిట్యూటో టెర్రా అనే పర్యావరణ సంస్థను స్థాపించి, బీడుపడిన నేలలో అడవిని తిరిగి పెంచసాగారు. ప్రకృతి మీద ‘జెనెసిస్’ అనే ఫొటో ప్రాజెక్టును 2004లో ప్రారంభించారు. విషయాన్నే మార్చుకోవడాన్ని పారిపోవడంగా చూడకండి. నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం ఉంటే గ్రాంటు దరఖాస్తు కన్నా ముందు వైద్యుడిని కలవండి.