స్టాండ్ లేకుండా ఓవర్‌హెడ్ ప్రెస్: రాడ్‌ని భుజాల మీదకి ఎలా తెచ్చుకోవాలి?

గాజువాక_మేడ

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 71 కిలోలు. గాజువాకలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. షిఫ్టు ఉద్యోగం, జిమ్‌కి వెళ్లే వేళ కుదరదు. అందుకే ఏడాది కిందట ఆరడుగుల రాడ్, రబ్బరు ప్లేట్లు కొనుక్కుని మేడ మీదే చేసుకుంటున్నాను. రాడ్‌ని భుజాల ఎత్తున ఆన్చుకునే స్టాండ్ లేదు. ఓనర్ గారు మేడ మీద పెద్ద సామాను పెట్టనివ్వరు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నిలబడి చేసే ఓవర్‌హెడ్ ప్రెస్, అంటే రాడ్‌ని భుజాల మీద నుంచి తల పైకి ఎత్తడం. 38 కిలోలు ఐదు సార్లు ఎత్తగలను. కానీ రాడ్‌ని నేల మీద నుంచి భుజాల దాకా తెచ్చేసరికే సగం ఓపిక అయిపోతోంది. ముందు నడుము దాకా లేపి, అక్కడి నుంచి మోచేతులు మడిచి చేతుల బలంతోనే పైకి లాగుతున్నాను. 33 కిలోల దాకా ఇబ్బంది లేదు. 38 పెట్టినప్పటి నుంచి ఎడమ మణికట్టు కలుక్కుమంటోంది. పోయిన ఆదివారం రాడ్ వచ్చి కాలర్ ఎముకకి కొట్టుకుంది, మూడు రోజులు ఎర్రగా కమిలింది. మా ఆవిడ ఒక పక్క పట్టుకుంటానంది. ఒక్కసారి చూశాం, తన వైపు ముందు లేచి రాడ్ నా మీదకి ఒరిగింది. మళ్లీ తనని పట్టుకోనివ్వలేదు.

పిట్టగోడ మూడున్నర అడుగులుంది. రాడ్‌ని దాని మీద పెట్టుకుని అక్కడి నుంచి ఎత్తుకుంటే ఎలా ఉంటుంది? ఎవరైనా అలా చేశారా?

పాత_లిఫ్టర్_సిక్కోలు

తమ్ముడూ, ముందు పిట్టగోడ సంగతి. ఆ పని కలలో కూడా చెయ్యకు. గుండ్రటి ఇనుము, పైన 38 కిలోలు, కింద వీధి. ఒక్క ప్లేటు జారినా ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. పిట్టగోడకి కనీసం ఆరడుగుల దూరంలో, దానికి వీపు తిప్పి నిలబడి చెయ్యి.

ఇక అసలు విషయం. నువ్వు చేతులతో లాగుతున్నదాన్ని కాళ్లతో చెయ్యాలి. దాన్నే క్లీన్ అంటారు. ఒకప్పుడు ప్రెస్ కూడా ఒలింపిక్స్‌లో ఉండేది. 1972 మ్యూనిక్ తర్వాత తీసేశారు. మరీ వెనక్కి వంగి ఎత్తేవాళ్లు, ఏది సరైన ప్రెస్సో తేల్చడం జడ్జీలకి కష్టమైపోయింది. ఆ రోజుల్లో స్టాండ్ మీద నుంచి ఎవరూ తీసుకునేవాళ్లు కాదు, నేల మీద నుంచి క్లీన్ చేసే ప్రెస్ చెయ్యాలి. మా జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 130 కిలోలు తల మీదకి ఎత్తిందన్నా, ముందు అంత బరువునీ క్లీన్ చేసి భుజాల మీద నిలబెట్టుకున్నాకే. ఆవిడది ఆమదాలవలస పక్కన ఊసవానిపేట, మాకు దగ్గరే.

పాదాలు నడుమంత వెడల్పులో పెట్టు. చేతులు భుజాలకి కాస్త బయటగా. రాడ్ నీ కాళ్లకి దాదాపు తగులుతూ ఉండాలి. నడుము గూని పోకుండా ఛాతీ ఎత్తి, గాలి బిగపట్టి, కాళ్లతో నేలని తొక్కుతున్నట్టు లేవాలి. అప్పటిదాకా మోచేతులు తాళ్లలా నిటారుగానే ఉండాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, తొందరపడి ముందే మడిచేస్తారు. రాడ్ తొడల పైభాగానికి వచ్చాక ఎగిరినట్టు ఒక్కసారిగా నిటారై, భుజాలు చెవుల వైపు గుంజు. రాడ్ దానంతట అదే తేలిపోతుంది. ఆ క్షణంలో మోచేతుల్ని చటుక్కున రాడ్ కిందుగా ముందుకి తిప్పి, మోకాళ్లు కొంచెం వంచి, భుజాల ముందున్న కండ మీద దాన్ని అందుకోవాలి. నీ కాలర్ ఎముకకి తగిలింది ఎందుకంటే, రాడ్ ఒంటికి దూరంగా గుండ్రంగా తిరిగి వచ్చి పడింది. ఒంటిని రాసుకుంటూ పైకి వస్తే కొట్టుకోదు.

ఒక ప్రశ్న. నీ ప్లేట్లు ఎంత పెద్దవి? పోటీల్లో వాడే పెద్ద ప్లేటు అడ్డంగా 45 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే రాడ్ నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తున మొదలవుతుంది. ఇంటి ప్లేట్లు చిన్నవి. అంత కిందికి వంగితే ఎవరికైనా నడుము గూని పోతుంది.

గాజువాక_మేడ

అన్నా, టేపు పెట్టి చూశాను. రాడ్ మధ్యకి 14 సెంటీమీటర్లే వచ్చింది. ఇటుకలు పెట్టనా?

పాత_లిఫ్టర్_సిక్కోలు

ఇటుక పగులుతుంది, పగిలితే రాడ్ ఒక పక్కకి ఒరుగుతుంది. వడ్రంగి దగ్గర ఎనిమిది సెంటీమీటర్ల మందం చెక్క దిమ్మలు రెండు కోయించుకో. ప్లేటు దొర్లిపోకుండా రెండు చివర్లా పట్టీ కొట్టించు. ఇంకోటి: ప్లేటుకీ, అది జారకుండా రాడ్‌కి బిగించే లాక్‌కీ మధ్య కాగితమంత సందు ఉండనీ. మరీ బిగించేస్తే రాడ్ తిరిగినప్పుడు ప్లేట్లు తిరగవు, ఆ మెలికంతా మణికట్టు మీద పడుతుంది.

మొదటి వారం 23 కిలోలే పెట్టు, ప్రెస్ వద్దు, క్లీన్ ఒక్కటే. మూడేసి చొప్పున ఏడెనిమిది సార్లు.

మియాపూర్_పొద్దున్నే

నేను జిమ్‌లో ర్యాక్ (రాడ్ పెట్టే స్టాండ్) దగ్గర చేస్తాను కాబట్టి క్లీన్ గురించి అన్నయ్య చెప్పినదానికి కలిపేదేం లేదు. మణికట్టు గురించి మాత్రం చెప్పాలి. క్లీన్ పట్టుకున్నప్పుడు మోచేతులు బాగా పైకి ఉంటాయి, రాడ్ వేళ్ల మీదకి జారి ఉంటుంది. అలాగే ప్రెస్ మొదలుపెడితే మణికట్టు వెనక్కి విరుచుకుపోతుంది. నాకు ఆరు నెలలు ఇదే నొప్పి. భుజాల మీద రాడ్ నిలబడ్డాక ఒక్క క్షణం ఆగి, మోచేతుల్ని రాడ్‌కి కొంచెం ముందుగా ఉండేదాకా దించండి. రాడ్‌ని అరచేతిలో మణికట్టుకి దగ్గరగా ఉన్న కింది భాగం మీదకి తెచ్చుకోండి, బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోండి. పక్క నుంచి చూస్తే రాడ్, మణికట్టు, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. ఆ తర్వాతే ఊపిరి తీసుకుని ఎత్తండి.

ర్యాక్ ఉన్నవాళ్లకి ఒక మాట. కొక్కేలు చంక ఎత్తున లేదా ఒక రంధ్రం కింద ఉండాలి. నేను 5 అడుగుల 2. మా జిమ్‌లో కొక్కేలు ఎప్పుడూ పొడుగువాళ్లకి సరిపడా ఉండేవి, నేను మునివేళ్ల మీద లేచి తీసుకునేదాన్ని. ఒకరోజు అలసిపోయి తిరిగి పెడుతుంటే ఎడమవైపు కొక్కెంలో పడింది, కుడివైపు పడలేదు. పక్కనున్నాయన పట్టుకోబట్టి బతికాను. ఇప్పుడు ముందు కొక్కేలు మార్చుకున్నాకే ప్లేట్లు ఎక్కిస్తాను. తీసుకున్నాక రెండడుగులు వెనక్కి, అంతే.

దించేటప్పుడు కూడా జాగ్రత్త, గాజువాక గారూ. భుజాల మీద నుంచి నేరుగా నేలకి వద్దు. ముందు మోకాళ్లు వంచి తొడల మీదకి తెచ్చుకుని, ఆగి, అప్పుడు దిమ్మల మీదకి.

గాజువాక_మేడ

పద్దెనిమిది రోజులయింది, చెప్పకుండా ఉండలేకపోయాను. దిమ్మలు కోయించాను, పైన గోనెసంచి మడిచి పరిచాను. మొదటి మూడు రోజులు చేతులు ముందే మడిచేస్తున్నాను, మా ఆవిడ ఫోన్‌లో వీడియో తీస్తేనే తెలిసింది. నాలుగో రోజు ఒక్కసారి సరిగ్గా పడింది. రాడ్ బరువే తెలియలేదు, వచ్చి భుజాల మీద కూర్చుంది. ఆ ఒక్కదానికి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మొన్న రాత్రి షిఫ్టు లేదు, 38 పెట్టి ఐదేసి మూడు సెట్లు చేశాను. సెట్టుకి ఒకసారే క్లీన్. అక్కా, మీరు చెప్పినట్టు ఆగి పట్టు మార్చుకుంటున్నాను, ఎత్తేటప్పుడు నొప్పి లేదు. పొద్దున లేవగానే ఎడమ మణికట్టు ఇంకా కొంచెం పట్టేస్తోంది, అందుకే 40 వచ్చే నెలకి వాయిదా వేశాను. అన్నా, క్లీన్ చేసిన ప్రతిసారీ పాదాలు అంగుళం ముందుకి గెంతుతున్నాయి. అది సరిదిద్దుకోవాలా, వదిలెయ్యొచ్చా?

పాత_లిఫ్టర్_సిక్కోలు

సరిదిద్దుకో తమ్ముడూ. రాడ్ ఇంకా కొంచెం ముందుకి పోతోందని అర్థం, నువ్వు దాని వెంట వెళ్తున్నావు. మోకాళ్లు దాటాక దాన్ని తొడల వైపు లాక్కుంటూ రా. పాదాల ముందు సుద్దముక్కతో నేల మీద ఒక గీత గీసుకో, ప్రతి క్లీన్ తర్వాత చూసుకో.