క్వాడ్రో పీ2000 తీసుకోవాలా, ఎం4000 తీసుకోవాలా? వెయ్యి రూపాయలే తేడా

పాతసామాను:
అన్నలూ, ఒక సలహా కావాలి. నా దగ్గర ఏదో ఆఫీసులో వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్ 7050 ఉంది, టవర్ మోడల్. ఐ5-7500, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇన్నాళ్లూ ఫ్రెండ్స్‌తో వాలొరెంట్ ఆడుకుంటూ సరిపెట్టుకున్నా. అది ఇంటెల్ గ్రాఫిక్స్ మీద కూడా ఎలాగోలా నడుస్తుంది. ఇప్పుడు జీటీఏ 5, ఫోర్జా హొరైజన్ 5 ఆడాలని ఉంది. వీలైతే ఎల్డెన్ రింగ్. మానిటర్ మామూలు 1080పీ, హెచ్‌డీఎంఐ, వీజీఏ పోర్టులే ఉన్నాయి.

తెలిసిన సెకండ్ హ్యాండ్ షాపతను రెండు క్వాడ్రో కార్డులు (ఎన్విడియా ఆఫీసు పనులకి చేసే గ్రాఫిక్స్ కార్డులు) చూపించాడు. పీ2000, 5 జీబీ, 7,000. ఎం4000, 8 జీబీ, 6,000. "ఎం4000 అంటే 970 ఏ తమ్ముడూ, పైగా డబుల్ మెమరీ, ఇంకేం ఆలోచిస్తావు" అంటున్నాడు. 970 అంటే ఎన్విడియా గేమింగ్ కార్డు జీటీఎక్స్ 970. తక్కువ రేటుకి ఎక్కువ మెమరీ ఇస్తానంటేనే నాకు డౌటు కొడుతోంది. ఏది తీసుకోను?

రెండర్‌రాజు:
డౌటెందుకు తమ్ముడూ, ఎం4000 తీసుకో. నేను ఆఫీసులో నాలుగేళ్లు దానిమీదే రెండరింగ్ చేశా, రాత్రిళ్లు అందరూ వెళ్లిపోయాక గేములూ ఆడా. లెక్క చూడు. ఎం4000లో 1664 కోర్లు, పీ2000లో 1024. మెమరీ బస్సు 256 బిట్, దానికి 160. బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ నుంచి డేటా వచ్చే వేగం, సెకనుకు 192 జీబీ, దానికి 140. షాపతను అబద్ధం చెప్పలేదు, 970లో ఉన్న జీఎం204 చిప్పే ఇందులోనూ ఉంది. పైగా 970లో 3.5 జీబీ వేగంగా, మిగతా అర జీబీ నత్తనడకగా ఉండే గొడవ ఇందులో లేదు. ఫోర్జా 5 వాళ్లు కనీసం కావాలని రాసిన కార్డు 970 ఏ. ఇంకేం కావాలి?

కేబుల్‌మామ:
రాజు గారూ, ఆగండి. తమ్ముడూ, ముందు కేబినెట్ సైడు డోరు తీసి ఎస్ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు ఇచ్చే పెట్టె) మీదున్న స్టిక్కర్ చదివి చెప్పు. ఎన్ని వాట్లు? దాన్నుంచి 6 పిన్ల గ్రాఫిక్స్ వైరు ఏదైనా వస్తోందా?

బిట్టుగేమర్:
కోర్లు లెక్కపెట్టి కార్డు కొనకూడదు బ్రో. కోతకి ఎంతమంది కూలీలు వచ్చారన్నది సగం లెక్కే, ఎంత వేగంగా కోస్తున్నారన్నది మిగతా సగం. ఎం4000 నడిచేది 773 మెగాహెర్ట్జ్ దగ్గర. పీ2000 బూస్టులో 1480 దాకా వెళ్తుంది. కోర్లని రెండుతో, ఆ స్పీడుతో గుణిస్తే ఎం4000కి 2.57 టెరాఫ్లాప్స్ (సెకనుకు అన్ని లక్షల కోట్ల లెక్కలు), పీ2000కి 3.03 వస్తుంది. మందిని తక్కువగా పెట్టుకుని కూడా పీ2000దే పైచెయ్యి. అసలు 970 అయితే 1178 దగ్గర నడుస్తుంది. అదే చిప్పుని మూడింట రెండొంతుల స్పీడులో నడుపుతూ "970 ఏ" అంటే ఎలా? రాయల్ ఎన్‌ఫీల్డ్‌ని మూడో గేరులోనే తోలుతూ నాది కూడా బుల్లెట్టే అన్నట్టుంటుంది.

పైగా ఎం4000 2015 నాటి మ్యాక్స్‌వెల్ తరం చిప్పు, పీ2000 2017లో వచ్చిన పాస్కల్ తరం. పాస్కల్‌లో మెమరీ కంప్రెషన్ మెరుగైంది, కాబట్టి బ్యాండ్‌విడ్త్ 140 అన్న అంకె కాగితం మీద కనిపించినంత చిన్నదేం కాదు.

పాతసామాను:
మామా, ఇప్పుడే తీసి చూశా. స్టిక్కర్ మీద 240 వాట్స్ అని ఉంది. వైర్లు మదర్‌బోర్డుకి రెండు, హార్డ్ డిస్కుకీ డీవీడీకీ సన్నవి. 6 పిన్ల వైరు లేదు. లోపల దుమ్ము మాత్రం దిండు కుట్టుకునేంత ఉంది.

కేబుల్‌మామ:
అయితే కథ సగం అక్కడే అయిపోయింది. ఎం4000 120 వాట్లు తాగుతుంది. మదర్‌బోర్డు మీద స్లాటు ఇచ్చేది 75 వాట్లే, మిగతాది 6 పిన్ల వైరు నుంచి రావాలి. నీ దగ్గర ఆ వైరే లేదు. పీ2000 మొత్తం 75 వాట్లలో నడిచేలా చేసిన కార్డు, వైరు అక్కర్లేదు. స్లాటులో గుచ్చు, స్క్రూ బిగించు, అంతే. సైజు కూడా పొట్టి, సుమారు 20 సెంటీమీటర్లు. ఎం4000 24 దాటుతుంది, డ్రైవు బే దగ్గర తగులుతుందేమో టేపు పెట్టి చూసుకోవాలి. ఈ థ్రెడ్ చదివే వేరేవాళ్లకి ఇంకో మాట: ఈ రెండూ ఫుల్ హైట్ కార్డులు, సన్నటి ఆప్టిప్లెక్స్ డబ్బాల్లో రెండూ పట్టవు.

విజయవాడవైబ్స్:
సాటా (హార్డ్ డిస్కుకి వెళ్లే కరెంటు వైరు) నుంచి 6 పిన్లకి మార్చే కన్వర్టర్ 150 రూపాయలకి దొరుకుతుంది కదా మామా. దాంతో ఎం4000 పెట్టుకోవచ్చు. నేను పెట్టా, నడుస్తోంది.

కేబుల్‌మామ:
నడుస్తుంది బాబూ, ఆగిపోయేదాకా నడుస్తుంది. సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల మీద తట్టుకునేది 54 వాట్లే. 6 పిన్ల వైరు 75 ఇవ్వగలనని కార్డుకి మాట ఇస్తుంది. ఒక్క సాటా నుంచి అది లాగితే ఆ మాట ఎవడు నిలబెట్టాలి? మా మేనల్లుడి సిస్టంలో ఇలాగే పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం గేము ఆడుతుంటే హాల్లోకి ప్లాస్టిక్ వాసన. వంటింట్లో గిన్నె అడుగంటిందేమోనని మా అక్క అటు పరిగెత్తింది. తీరా చూస్తే కేబినెట్లో తెల్ల కనెక్టర్ గోధుమరంగుకి తిరిగి, పిన్ను దగ్గర మైనంలా కారి ఉంది. కార్డు బతికింది, వైరు నా డ్రాయర్లో ఉంది. ఎవరైనా కన్వర్టర్ అంటే తీసి చూపిస్తా.

రెండర్‌రాజు:
సరే, కన్వర్టర్ వద్దు. ఎస్ఎంపీఎస్ మార్చుకోమనండి. మామూలు 450 వాట్లది పెడితే రేపు ఇంకా పెద్ద కార్డుకీ పనికొస్తుంది.

కేబుల్‌మామ:
మార్చొచ్చు. కాకపోతే ఆ డెల్ బోర్డుకి మామూలు 24 పిన్ల ప్లగ్గు దూరదు, అక్కడుండేది డెల్ సొంత రకం. దానికి ఇంకో మార్పిడి వైరు కావాలి. ఎస్ఎంపీఎస్, వైరు కలిపితే కార్డు మీద మిగిలిన వెయ్యి ఎటు పోయిందో కనపడదు, పైన ఇంకొంత వేసుకోవాలి. అప్పుడు 6,000 కార్డు 6,000 కార్డేనా?

రెండర్‌రాజు:
డబ్బుల లెక్క ఒప్పుకుంటా. కానీ మెమరీ మాట ఎవరూ ఎత్తడం లేదు. బిట్టూ, టెరాఫ్లాప్స్ చెప్పావు బాగానే ఉంది. గేములో టెక్స్‌చర్ (వస్తువుల మీద అతికించే బొమ్మల) క్వాలిటీ పెంచితే కోర్ల మీద పెద్దగా బరువు పడదు, మెమరీ ఉంటే చాలు. మిగతా సెట్టింగులు తక్కువలో పెట్టి టెక్స్‌చర్లు ఒక్కటే హైలో పెట్టుకుంటే బొమ్మ ఎంత మారుతుందో ఆడినవాడికి తెలుసు. గోడ మీద సున్నం పెచ్చులు కూడా కనిపిస్తాయి. 8 జీబీ ఉన్నవాడికి ఆ సుఖం ఉంది. 5 జీబీ నిండిపోతే కార్డు సిస్టం ర్యామ్ వైపు చేయి చాస్తుంది, అప్పుడు ఆట కుదుపులు. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) బాగానే ఉంటుంది, మలుపు తిరిగినప్పుడల్లా గతుకుల రోడ్డు మీద ఆటో ఎక్కినట్టుంటుంది. కొత్త గేములు మెమరీని ఎలా మింగుతున్నాయో మీకు నేను చెప్పాలా?

బిట్టుగేమర్:
రాజన్నా, ఈ పాయింటు నిజమే, కాదనను. టెక్స్‌చర్ల విషయంలో 8 జీబీదే గెలుపు. కానీ తమ్ముడు అడిగిన గేములు చూడు. జీటీఏ 5 పాత వెర్షన్‌కి దాన్ని చేసిన రాక్‌స్టార్ కంపెనీ రికమెండ్ చేసిందే 2 జీబీ జీటీఎక్స్ 660 కార్డు. 1080పీలో 5 జీబీ దానికి దండిగా సరిపోతుంది. ఫోర్జా మీడియంలో పెట్టుకుంటే నిండదు. నా దగ్గర పీ2000 ఏడాదిన్నరగా ఉంది, ఫోర్జా మీడియంలో 60 దగ్గర్లో హాయిగా పోతుంది. ఎల్డెన్ రింగ్ మాత్రం నిజం చెప్పాలి: కనీసం జీటీఎక్స్ 1060 3 జీబీ కార్డు కావాలని కంపెనీ రాసింది, పీ2000 దానికంటే కొంచెం కిందే. తక్కువ సెట్టింగుల్లో నాకు 40 చుట్టూ వస్తోంది. చచ్చిపోవడం మాత్రం సిక్స్టీ ఎఫ్‌పీఎస్‌లో చచ్చినంత తరచుగానే చస్తున్నా.

మెమరీ చాలా తినే కొత్త గేముల సంగతంటావా, వాటికి ఎం4000లో చోటుంది కానీ లాగే సత్తా లేదు. పెద్ద గోడౌను కట్టి ఒక్క ఎడ్లబండి పెట్టినట్టు.

కరీంనగర్‌కోడర్:
నా ప్రశ్న వేరు. ఎస్ఎంపీఎస్ మార్చి 6 పిన్ల వైరు తెచ్చుకునేవాడు అసలు ఎం4000 దగ్గర ఎందుకు ఆగాలి? 1060 6 జీబీ చూడండి. అదీ 120 వాట్లే, అదే 6 పిన్లు, బ్యాండ్‌విడ్త్ కూడా అదే 192. కానీ 1280 కోర్లు 1700 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి, అంటే 4.4 టెరాఫ్లాప్స్. అదే కరెంటుకి ఒకటిన్నర రెట్లకు పైనే పని. హెచ్‌డీఎంఐ పోర్టు కూడా ఉంటుంది. 6 పిన్ల వైరు ఉన్నవాడికి 1060, లేనివాడికి పీ2000. మధ్యలో ఎం4000కి నాకు చోటు కనిపించడం లేదు.

రెండర్‌రాజు:
1060 అంటే నాకు భయం. క్రిప్టో మైనింగ్‌లో రాత్రీ పగలూ ఉడికినవి ఎన్నో తెలీదు. ఇంకా పాత జీటీఎస్ 450 కార్డుకి బయోస్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ అని అమ్మినవాళ్లున్నారు, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్‌లో "ఫేక్" అని చూపించే ఆప్షన్ పెట్టాల్సి వచ్చింది కూడా అందుకే. క్వాడ్రోలు ఫేక్ చేసేవాళ్లు తక్కువ, గిరాకీ లేని సరుక్కి నకిలీ ఎందుకు చేస్తారు? ఇవి ఏసీ గదిలో ఆటోక్యాడ్ గీస్తూ బతికి, లీజు అయిపోయాక బయటికొచ్చిన కార్డులు.

మోడరేటర్:
మైనింగ్ కార్డుల గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే 40 పేజీలు నిండాయి. ఇక్కడ వద్దు.

విజయవాడవైబ్స్:
క్వాడ్రోకి గేములు సరిగ్గా ఆడవు, డ్రైవర్ వేరు అంటారు. నిజమేనా? నాకు ఇప్పటిదాకా ఏం తేడా కనపడలేదు.

బిట్టుగేమర్:
అది పాత పుకారు బ్రో. గేములు వాడే డైరెక్ట్‌ఎక్స్, వల్కన్ అన్నీ క్వాడ్రో డ్రైవర్లోనూ ఉంటాయి. కొత్త గేము వచ్చిన రోజే దానికి తగ్గ డ్రైవర్ రాదు, కాస్త ఆలస్యం, అంతే. అసలు ఆలోచించాల్సింది ఇంకొకటి: మ్యాక్స్‌వెల్‌కీ పాస్కల్‌కీ ఎన్విడియా చివరి డ్రైవర్ శాఖ 580 ఏ. దాని తర్వాతివి ఈ రెండు కార్డులకీ రావు. ఆ విషయంలో రెండూ ఒకే పడవ, ఒకదాన్ని చూసి ఇంకోటి నవ్వాల్సింది లేదు.

తేడా ఉన్నది వీడియోలో. యూట్యూబ్ వాడే వీపీ9ని, హెచ్ఈవీసీని (రెండూ వీడియో ఫార్మాట్లు) పీ2000 హార్డ్‌వేర్‌లోనే పూర్తిగా డీకోడ్ చేస్తుంది. ఎం4000 చిప్పులో అది లేదు, భారం ప్రాసెసర్ మీద పడుతుంది.

కేబుల్‌మామ:
తమ్ముడూ, ఏది కొన్నా కొనేముందు షాపులోనే సిస్టంలో పెట్టించి పావుగంట ఏదైనా బెంచ్‌మార్క్ నడిపించు. రెండింటికీ ఒక్క స్లాటు మందంలో చిన్న బ్లోయర్ ఫ్యానే, చిప్పు మీద వేడి లాగే పేస్టు ఎండిపోయి ఉంటే చప్పుడు మిక్సీలా వస్తుంది. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) ఎవరినడిగినా పేస్టు మార్చి ఇస్తారు. ఇంకోటి, రెండింటికీ నాలుగు డిస్‌ప్లేపోర్టులే, హెచ్‌డీఎంఐ లేదు. నీ మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ కావాలి. కొనేటప్పుడు ఏ వైపు నుంచి ఏ వైపుకో చూసి కొను.

పాతసామాను:
నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్. పీ2000 తెచ్చా, బేరమాడితే 6,500కి ఇచ్చాడు. పావుగంట నడిపించా, 78 డిగ్రీల దగ్గర ఆగింది. ఇంటికొచ్చి పెట్టా, నల్ల స్క్రీన్. తీశా, మళ్లీ గుచ్చా, ర్యామ్ తీసి పెట్టా, మళ్లీ నల్ల స్క్రీన్. కార్డు పోయింది, 6,500 పోయాయి అని ఒకటే టెన్షన్. తీరా చూస్తే కేబుల్. మామ చెప్పినా వినకుండా చేతికి దొరికింది తెచ్చా, అది హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లేదట, ఒక వైపే పనిచేస్తుందట. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. మార్చి తెచ్చాక డెల్ లోగో వచ్చింది.

జీటీఏ హైలో 60 తగ్గట్లేదు. ఫోర్జా మీడియంలో బిట్టన్న చెప్పినట్టే. ఎల్డెన్ రింగ్ ఇంకా డౌన్‌లోడ్ అవుతోంది.

కేబుల్‌మామ:
ఆ దుమ్ము తుడిచావా?

పాతసామాను:
తుడిచా మామా. ఒట్టు.

రెండర్‌రాజు:
శుభం. తమ్ముడూ, ఆ ఎం4000 ఇంకా అతని దగ్గరే ఉందా? నా హెచ్‌పీ జెడ్440 కంప్యూటర్లో ఒక స్లాటు ఖాళీ, 6 పిన్ల వైరు కూడా ఊరికే వేలాడుతోంది. 5,000కి ఇస్తాడేమో అడిగి చెప్పు.