రిప్పర్ స్ట్రీట్: రెండు గంటల్లో ఏ ఎపిసోడ్లు వేయాలి?

వేణు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్:
మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం నెలకోసారి క్లబ్‌హౌస్‌లో ప్రొజెక్టర్ పెట్టి ఏదైనా సిరీస్ చూసి మాట్లాడుకుంటాం. ఈసారి బీబీసీ వాళ్ల పాతకాలపు లండన్ పోలీసు కథ 'రిప్పర్ స్ట్రీట్' అనుకున్నాం. టైమ్ రెండు ఎపిసోడ్లకే సరిపోతుంది. ఏవి వేస్తే మంచిది? అందులో నిజమెంత? ఇంకోటి, ట్రయల్ వేస్తే రాత్రి సీన్లన్నీ నల్లటి ముద్దలా కనిపించాయి. ప్రొజెక్టర్ లోపమా?

సుధారాణి, జయనగర్:
వేణు గారూ, లండన్‌లో ఆడవాళ్లని వరసగా చంపి దొరక్కుండా పోయిన హంతకుడు జాక్ ది రిప్పర్ ఎవరో ఇందులో తేలుతుందని ఎవరైనా ఎదురుచూస్తే, అలా ఉండదని ముందే చెప్పేయండి. అతనివిగా చెప్పే అయిదు హత్యలూ 1888 ఆగస్టు 31 నుంచి నవంబరు 9 లోపు జరిగిపోయాయి. కథ మొదలయ్యేది 1889లో. ఆ హత్యలు జరిగిన, ఆ భయం ఇంకా వదలని తూర్పు లండన్ వైట్‌చాపెల్ పేటే ఇక్కడ అసలు పాత్ర. సిరీస్ బలం కూడా అదే.

మొదటి ఎపిసోడ్ వేయకండి. బాగా తీశారు గానీ హింస, అశ్లీల చిత్రాల వ్యవహారం మరీ ఎక్కువ. నలుగురిలో కూర్చుని చూడటం కష్టం. మొదటి సీజన్ మూడోది వేయండి. జనం పిట్టల్లా రాలిపోతుంటే అంతా కలరా అనుకుంటారు, తీరా చూస్తే పిండిలో విషం. సిటీ ఆఫ్ లండన్ పోలీసులు వేరు, మెట్రోపాలిటన్ పోలీసులు వేరు అన్న సంగతి కూడా ఇందులోనే తెలుస్తుంది. నిజంగానూ అంతే. రిప్పర్ చంపినవాళ్లలో కేథరిన్ ఎడోస్ శవం మైటర్ స్క్వేర్‌లో దొరికింది, అది సిటీ పోలీసుల హద్దు.

రెండోదిగా, రెండో సీజన్ మూడో ఎపిసోడ్. దీని వెనక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల గోడు ఉంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో తెల్ల భాస్వరం ఆవిరి పీల్చి ఆడపిల్లల దవడ ఎముక కుళ్లిపోయేది. పుచ్చిన పన్ను ఉంటే ముందు అక్కడే పట్టేది. 1888లో బ్రయంట్ అండ్ మే ఫ్యాక్టరీలో దాదాపు 1,400 మంది ఆడవాళ్లు సమ్మె చేశారు. అయినా ఆ భాస్వరాన్ని పూర్తిగా ఆపడానికి 1910 దాకా పట్టింది. ఈ ఎపిసోడ్‌లోని కోపం ఎక్కడిదో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. ఇందులో కనిపించే జేన్ కాబ్డెన్ కూడా నిజం మనిషే. 1889లో లండన్ కౌంటీ కౌన్సిల్‌కి గెలిచింది, ఆడది కౌన్సిలర్ ఎలా అవుతుందని ఆమె మీద కోర్టుకెక్కారు.

ఫణి, మారతహళ్లి:
కథలో ముఖ్య పాత్ర ఇన్‌స్పెక్టర్ రీడ్ నిజంగా ఉన్నాడు. ఎడ్మండ్ రీడ్ 1887 నుంచి హెచ్ డివిజన్, అంటే వైట్‌చాపెల్ పోలీసు విభాగం, డిటెక్టివ్‌లకి పెద్ద. బెలూన్లు ఎక్కే సాహసి కూడా. అతని సార్జెంట్ డ్రేక్, అమెరికన్ డాక్టర్ జాక్సన్, వేశ్యాగృహం నడిపే లాంగ్ సూజన్ కల్పితాలు. ఒళ్లంతా వికృతంగా పెరిగి 'ఎలిఫెంట్ మ్యాన్' అని పేరుపడ్డ జోసెఫ్ మెరిక్ కూడా ఇందులో ఉన్నాడు. నిజంగా అతను 1890 ఏప్రిల్ 11న లండన్ హాస్పిటల్‌లో నిద్రలోనే పోయాడు. సిరీస్‌లో ఆ చావును మార్చేశారు. అది నాకు నచ్చలేదు. అంత బాధపడ్డ మనిషి ముగింపును మలుపు కోసం వాడుకోకుండా ఉండాల్సింది.

సైన్స్ విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో ఆర్సెనిక్ పట్టుకునే మార్ష్ పరీక్ష ఉంది, అది 1836 నాటిది. ఒక మరక మనిషి రక్తమా, జంతువుదా అని తేల్చే పరీక్ష మాత్రం 1901కి గానీ రాలేదు. వేలిముద్రల బ్యూరో ముందు కలకత్తాలో 1897లో పెట్టారు, స్కాట్లాండ్ యార్డ్‌లో 1901లో. వేలిముద్రల్ని వర్గీకరించే ఆ పద్ధతి వెనక బెంగాల్ పోలీసుల్లో పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ శ్రమ ఉంది, పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. మీ చర్చలో ఇది తప్పకుండా ఎత్తండి.

మాధవి, వైట్‌ఫీల్డ్:
సుధారాణి గారూ, మొదటి ఎపిసోడ్ పూర్తిగా వదిలేస్తే రీడ్‌కీ జాక్సన్‌కీ మధ్య పొత్తు ఎలా నిలుస్తుందో కొత్తవాళ్లకి అందదు. వేయకపోయినా ముందు అయిదు నిమిషాలు మనుషుల్ని పరిచయం చేయండి: రీడ్ కూతురు కనిపించకుండా పోయింది, భార్యతో దూరం పెరిగింది, జాక్సన్ పాత జీవితాన్ని దాస్తున్నాడు. ఇంతే చాలు.

ఇక నలుపు సంగతి. చాలాసార్లు లోపం ప్రొజెక్టర్‌ది కాదు. వెలుగు ఛాయల్ని 0 నుంచి 255 దాకా లెక్కిస్తే ఫుల్ రేంజ్, 16 నుంచి 235 దాకా అయితే లిమిటెడ్. ల్యాప్‌టాప్ ఫుల్ రేంజ్‌లో పంపిస్తుంటే ప్రొజెక్టర్ లిమిటెడ్ అనుకుంటే, 16 కంటే కింద ఉన్న నలుపు ఛాయలన్నీ ఒకటే నలుపైపోతాయి. రెండింట్లోనూ హెచ్‌డీఎంఐ రేంజ్ ఒకేలా పెట్టండి. పిక్చర్ మోడ్ 'సినిమా', కదలికల్ని కృత్రిమంగా నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆఫ్. గ్యాస్ దీపాల వెలుగులో తీసినట్టు ఉండే సీన్లు కాబట్టి కిటికీ పక్కనుంచి కొంచెం వెలుతురు పడినా పోతాయి, ఆట చీకటి పడ్డాకే పెట్టుకోండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేయాల్సిందే. ఆ కాలపు మాటల అల్లిక కావాలనే కష్టంగా రాశారు, రీడ్ సగం మాటలు గొణుగుతాడు.

వేణు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్:
రేంజ్ మార్చగానే కోటు మడతలు కూడా కనిపిస్తున్నాయండీ. ఆ రెండు ఎపిసోడ్లే ఖాయం. మా వాళ్లకి నచ్చితే తర్వాత ఏది?

ఫణి, మారతహళ్లి:
రెండో సీజన్ అయిదోది, టెలిగ్రాఫ్ కుర్రాళ్ల కథ. 1889లో లండన్‌లోని క్లీవ్‌లాండ్ స్ట్రీట్‌లో మగవాళ్ల వేశ్యాగృహం బయటపడి రేగిన గొడవ మీద అల్లారు. మూడో సీజన్ నుంచి మాత్రం విడి ఎపిసోడ్లు ఎంచుకోకండి, కథ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తుంది. బీబీసీ ఆపేస్తే అమెజాన్ ముందుకు తెచ్చింది అక్కణ్ణుంచే. అమెజాన్‌లో వచ్చిన నిడివి ఎక్కువ, టీవీలో కొన్ని సీన్లు కత్తిరించారు. పొడుగు కాపీయే చూడండి.