విండోస్, మ్యాక్, ఉబుంటు: మూడింటిలోనూ ఒకే షెల్ ఉండాలంటే ఏం చేయాలి?

నల్లగొండ బోధకుడు:

నమస్కారం. నేను నల్లగొండలోని ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. మా ల్యాబ్‌లో అన్నీ ఉబుంటు యంత్రాలే. పిల్లల ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింటా విండోస్ 11 ఉంది, నేను వాడేది మ్యాక్. ల్యాబ్‌లో నేర్చుకున్న ఆదేశాలను దేవరకొండ, హాలియా వైపు పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయబోతే, విండోస్‌లో అవి పనిచేయక మరునాడు మళ్లీ నా దగ్గరికే వస్తున్నారు. అందుకే మూడు చోట్లా జెడ్ షెల్ (మనం కొట్టే ఆదేశాలను అందుకొని నడిపే షెల్ ప్రోగ్రాములలో ఒకటి) పెట్టించాలని అనుకుంటున్నాను. ఊళ్లలో మొబైల్ హాట్‌స్పాట్ తప్ప వేరే నెట్ లేదన్న సంగతి కూడా దృష్టిలో ఉంచుకొని సలహా ఇవ్వగలరు.

పాలమూరు పెంగ్విన్:

సార్, విండోస్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. గిట్ బ్యాష్ (విండోస్‌లో లినక్స్ తరహా ఆదేశాలు నడిపే ప్రోగ్రాము) చిన్నది, త్వరగా ఎక్కుతుంది కానీ, అందులో ఆప్ట్ (ఉబుంటులో ప్రోగ్రాములు ఎక్కించే ఆదేశం) ఉండదు కాబట్టి ల్యాబ్ పాఠం సగంలోనే ఆగిపోతుంది. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టించడమే మేలు. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి "డబ్ల్యూఎస్‌ఎల్ --ఇన్‌స్టాల్" అని కొట్టి, యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే ఉబుంటు వచ్చేస్తుంది. ఎర్రర్ వస్తే బయోస్‌లో (యంత్రం మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగ్‌లలో) వర్చువలైజేషన్ ఆపి ఉందేమో చూడండి.

డౌన్‌లోడ్ వందల ఎంబీలలో ఉంటుంది కనుక, ప్రతి పిల్లవాడి డేటా ఖర్చు చేయించకండి. కళాశాలలో ఒక విండోస్ యంత్రంలో ఉబుంటు ఎక్కించి, అందులో జెడ్ షెల్, జీసీసీ (సి కంపైలర్) వంటివన్నీ పెట్టి, "డబ్ల్యూఎస్‌ఎల్ --ఎక్స్‌పోర్ట్" ఆదేశంతో ఒకే టార్ ఫైలుగా తీసుకోండి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఇస్తే, వాళ్లు "--ఇంపోర్ట్"తో ఎక్కించుకుంటారు. డబ్ల్యూఎస్‌ఎల్ మాత్రం ఒక్కో ల్యాప్‌టాప్‌లో ముందే ఉండాలి, ఆ పని కళాశాల వైఫై మీద చేయించి పంపండి.

సూర్యాపేట సిస్టమ్స్:

పై సలహా బాగుంది కానీ, జెడ్ షెల్ ఎందుకన్నది నా సందేహం. 2019లో వచ్చిన కాటలీనా వెర్షన్ నుంచి మ్యాక్‌లో అది డిఫాల్ట్ అయింది కాబట్టి మీకు అలవాటై ఉంటుంది, ఉబుంటులో, డబ్ల్యూఎస్‌ఎల్‌లో మాత్రం డిఫాల్ట్ బ్యాష్ అనే మరో షెల్. అలాంటప్పుడు ముప్పై యంత్రాలను మార్చడం కంటే మీ ఒక్క మ్యాక్‌ను మార్చుకోవడం తేలిక కదా.

అయితే మ్యాక్‌తో వచ్చే బ్యాష్ 3.2ను నమ్ముకోకండి. బ్యాష్ లైసెన్స్ జీపీఎల్ (ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్స్) మూడో వెర్షన్‌కు మారాక ఆపిల్ కొత్త బ్యాష్‌లను తీసుకోలేదు. అసోసియేటివ్ అరేలు (సంఖ్యకు బదులు పేరుతో విలువలు దాచుకునే జాబితాలు) బ్యాష్ 4.0లో గానీ రాలేదు కాబట్టి, వాటిని వాడి ల్యాబ్‌లో నడిపిన స్క్రిప్ట్ మీ మ్యాక్‌లో ఆగిపోతుంది. హోమ్‌బ్రూతో (మ్యాక్‌లో ప్రోగ్రాములు ఎక్కించే సాధనం) కొత్తది పెట్టుకొని, దాని దారిని /ఈటీసీ/షెల్స్ ఫైలులో చేర్చి, ఆ తర్వాతే డిఫాల్ట్ షెల్‌ను మార్చే "సీహెచ్‌ఎస్‌హెచ్ -ఎస్" ఆదేశాన్ని ఆ దారితో నడపండి. లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయితేనే మార్పు కనిపిస్తుంది.

ఉబుంటులోనూ ఒక మెలిక ఉంది. "ఎస్‌హెచ్" అని పిలిస్తే పలికేది బ్యాష్ కాదు, డ్యాష్ అనే చిన్న షెల్. జోడు చదరపు బ్రాకెట్ల షరతు రాసి "ఎస్‌హెచ్"తో నడిపితే "నాట్ ఫౌండ్" అంటుంది, తప్పు తమదే అనుకొని పిల్లలు బెదిరిపోతారు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చిన స్క్రిప్ట్‌ల వరుస చివర అదనపు అక్షరం చేరి ఉంటే అదీ ఇలాగే ఏడిపిస్తుంది, "డాస్ టు యూనిక్స్"తో తీసేయండి.

మరొక మాట: సర్వర్ మీద రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) షెల్‌ను మార్చకండి. ఒకసారి నేను రూట్‌కు జెడ్ షెల్ పెట్టి, తర్వాత ఆ ప్యాకేజీనే తీసేసి, లాగిన్ కాలేక రికవరీ మోడ్‌లో ఒక పూట గడిపాను.

నల్లగొండ బోధకుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్యాష్‌కే కట్టుబడుతున్నాను. హాలియా విద్యార్థి ఒకరు పెన్‌డ్రైవ్ నుంచి ఇంపోర్ట్ చేసుకున్నారు, అంతా నడుస్తోంది కానీ, తెరవగానే రూట్‌గా లాగిన్ అవుతోంది. ఎందుకు?

పాలమూరు పెంగ్విన్:

ఇంపోర్ట్ చేసినప్పుడు మొదట తయారు చేసిన యూజర్ పేరు గుర్తుండదు, సార్. ఉబుంటు లోపల /ఈటీసీ/డబ్ల్యూఎస్‌ఎల్.కాన్ఫ్ ఫైలులో "యూజర్" అనే విభాగం కింద "డిఫాల్ట్=" అని ఆ పేరు రాసి, బయటికి వచ్చి "డబ్ల్యూఎస్‌ఎల్ --షట్‌డౌన్" కొట్టి మళ్లీ తెరవమనండి. మిగతా పిల్లలకు ఇచ్చే ముందు అసలు యంత్రంలోనే ఈ మార్పు చేసి, టార్ ఫైలును మళ్లీ తీసుకోండి.