ఆస్టిన్ సెవెన్ ఛాసిస్ మీద గాలిని కోసుకుపోయే బాడీ: తోక ఎంత పొడవు పెట్టాలి?

కోవెంట్రీ తెలుగబ్బాయి:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1934 నాటి ఆస్టిన్ సెవెన్ అనే చిన్న బ్రిటిష్ కారు ఛాసిస్ (బాడీ కింద ఉండే ఇనుప చట్రం) ఉంది. ఇంజిన్, గేర్‌బాక్స్ బాగున్నాయి. పాత బాడీని మాత్రం నా చేతికి రాకముందే ఎవరో తీసి పారేశారు. దానికి నకలు కట్టడం కంటే, ఆ రోజుల్లో పాల్ యారై లాంటి ఇంజినీర్లు గీసిన నీటిబొట్టు ఆకారం కట్టాలని ఉంది. ఎడ్మండ్ రుంప్లర్ 1921లోనే బెర్లిన్ ప్రదర్శనలో అలాంటి కారు పెట్టాడు. 1979లో ఫోక్స్‌వ్యాగన్ దాన్ని విండ్ టన్నెల్‌లో పరీక్షిస్తే డ్రాగ్ కోఎఫిషెంట్ (గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 0.28 వచ్చింది! అది చదివిన దగ్గర్నుంచీ మనసంతా దాని మీదే. తోక బాగా పొడవు లాగాలా? చెక్క ఫ్రేమ్ మీద అల్యూమినియం రేకు మేలా, బట్ట మేలా?

స్టట్‌గార్ట్ నుంచి:
తోక దగ్గర జాగ్రత్త అన్నా. సెవెన్ ఛాసిస్ వెనక ఇరుసు దాకా కూడా రాదు. దాని చివర బిగించిన క్వార్టర్ ఎలిప్టిక్ స్ప్రింగులే (ఒక కొస మాత్రమే ఛాసిస్‌కి బిగించే పట్టీల స్ప్రింగులు) వెనక్కి పొడుచుకొచ్చి ఇరుసును పట్టుకుంటాయి. పొడవు తోక పెడితే కింద ఆధారం లేకుండా వేలాడుతుంది. యారై ఈ ఆకారాన్ని జెప్పెలిన్ కంపెనీలో గాలి ఓడల పని చేస్తూ నేర్చుకున్నాడు. అక్కడ పొడవుకి కరువు లేదు, మీకుంది. పోనీ అని తోక కురచ చేసి వాలు పెంచితే, గాలి రేకును వదిలేసి సుడి తిరిగి కారును వెనక్కి లాగుతుంది.

దీనికి 1930లలో ఇక్కడే వూనిబాల్డ్ కామ్ అనే ఇంజినీర్ దారి చూపించాడు. వాలు మెల్లగా ఉంచి, గాలి ఇంకా అంటిపెట్టుకుని ఉన్న చోటే తోకను నిలువుగా కోసేయడం. ఇటలీలో జరిగిన 1940 మిల్లె మిలియా కారు రేసుకి బీఎండబ్ల్యూ 328 మీద కట్టిన ఒక కూపే ఆ పద్ధతిదే. నా ఓటు దానికే.

రేకు కొనకముందు అట్ట, పల్చటి ప్లైవుడ్‌తో ఆకారం కట్టి, ఊలు పోగులు వరసగా టేపుతో అంటించి, పక్క కారులోంచి వీడియో తీయండి. పోగు వెనక్కి పడుకుంటే గాలి అంటుకుని ఉన్నట్టు. గిలగిల కొట్టుకుంటే వదిలేసినట్టు. కోత ఎక్కడ పెట్టాలో అవే చెప్తాయి.

ఆటోనగర్ బాబాయి, విజయవాడ:
బాబూ, నేను బస్సు బాడీలు కట్టినవాణ్ణి. రెండు వైపులా వంపు ఉన్నచోట బట్ట ముడత పడుతుంది, రేకే వేసుకో. 16 గేజ్ మందం అల్యూమినియం చాలు. కొట్టేకొద్దీ బిగుస్తుంది, అప్పుడు వేడి చేసి మెత్తబరచాలి. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. అందుకని ముందు బట్టల సబ్బు రుద్ది, రెండో వైపు నుంచి మంట తిప్పుతూ ఉండు. సబ్బు గీత ముదురు గోధుమ రంగుకి తిరగ్గానే మంట తీసెయ్. నల్లగా మాడేదాకా ఆగొద్దు. గ్యాస్ వెల్డింగ్ చేశాక, అతుకు పట్టడానికి పూసిన ఫ్లక్స్ మందుని వేడి నీళ్లతో పూర్తిగా కడుగు, లేకపోతే రేకును తినేస్తుంది. రేకు ఇనుముకి తగిలే ప్రతిచోటా మధ్యలో రబ్బరో ఫెల్టో పెట్టు.

కోవెంట్రీ తెలుగబ్బాయి:
చాలా థాంక్స్ బాబాయ్! తోక కోసేయడానికే సిద్ధపడ్డాను. ముక్కు మాత్రం బాగా కిందికి వాల్చాలని ఉంది. రేడియేటర్‌ని కూడా దించొచ్చా?

స్టట్‌గార్ట్ నుంచి:
వద్దన్నా. ఈ ఇంజిన్‌కి నీళ్ల పంపు లేదు. వేడెక్కిన నీళ్లు వాటంతటవే పైకెక్కి రేడియేటర్‌లోకి రావాలి. దాని పై భాగం సిలిండర్ హెడ్ కంటే ఎత్తులోనే ఉండాలి. ముక్కు ఆ ఎత్తు నుంచే మొదలుపెట్టి గీయండి. ముందు రంధ్రం చిన్నదైనా పర్లేదు గానీ, అక్కడి నుంచి రేడియేటర్ దాకా సందుల్లేకుండా డక్ట్ (గాలి గొట్టం) కట్టండి. వేడి గాలిని ముందు చక్రాల వెనక, పక్కల నుంచి వదలండి.