ఆమెను స్టేజీ ఎక్కించడం అండగా ఉండటమేనా?

బెజవాడ_బబ్లీ:
మా మహిళా బృందం మార్చి 8న సభ పెడుతోంది. అత్యాచారం కేసు నడుస్తున్న ఒకమ్మాయికి మొదట్నుంచీ తోడుగా ఉన్నాం. సొంత పేరుతో, ముఖం దాచుకోకుండా మాట్లాడమని అడిగితే సరేనంది. తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. ఇంకోసారి నచ్చజెబుదామని సగం మంది, వదిలేద్దామని సగం మంది. నేను నచ్చజెప్పే పక్షం. ముఖానికి చున్నీ చుట్టుకోవాల్సింది తప్పు చేసినవాడు కదా! ఫ్రాన్స్‌లో భర్తే మత్తుమందిచ్చి ఇతర మగాళ్లతో అత్యాచారం చేయించిన జిజెల్ పెలికో 2024లో విచారణ అందరి ముందే జరగాలని పట్టుబట్టింది. భర్తతో కలిపి 51 మందీ దోషులేనని తేలారు, అతనికి 20 ఏళ్లు పడింది. కోల్‌కతాలో సామూహిక అత్యాచారానికి గురైన సుజెట్ జోర్డాన్ 2013లో ‘నన్ను పార్క్ స్ట్రీట్ బాధితురాలు అనకండి, నాకో పేరుంది’ అన్నట్టుగా బయటికొచ్చింది. ఒకరు నోరు విప్పితే పదిమందికి ధైర్యం వస్తుంది. ఇందులో తప్పేంటో చెప్పండి.

ఓరుగల్లు_వకీలు:
తప్పొప్పుల సంగతి తర్వాత, ముందు చట్టం చూడండి. పాత ఐపీసీ 228ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. ఆమె ఎవరో బయటపెడితే రెండేళ్ల దాకా జైలు. మేజర్ అయిన మనిషి తనంతట తాను రాతపూర్వకంగా ఒప్పుకుంటే మినహాయింపు ఉంది. ఫోన్‌లో ‘సరే’ అంటే చాలదు.

ఇంకో మాట. పెలికో కేసులో భర్త తీసి దాచుకున్న వీడియోలే సాక్ష్యం. మన దగ్గర చాలా కేసులు ఆమె వాంగ్మూలం మీదే నిలబడతాయి. మేజిస్ట్రేట్ ముందు ‘తొమ్మిదిన్నర’ అని, మీ సభలో ‘పదింటికి’ అని ఉంటే చాలు, అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ అరగంట పట్టుకుని ఓ పూటంతా నడిపిస్తాడు. సభలో చప్పట్లు కొట్టినవాళ్లెవరూ ఆ రోజు కోర్టు హాల్లో ఉండరు. ఉండనివ్వరు కూడా, అది ఇన్ కెమెరా విచారణ, అంటే బయటివాళ్లని రానివ్వకుండా జరిగేది.

నల్లమల_నీలిమ:
వకీలు గారూ, కేసు తేలేదాకా ఆగమంటే ఎన్నేళ్లు? సుజెట్ 2015 మార్చిలో చనిపోయింది, తీర్పు డిసెంబర్‌లో వచ్చింది. కేసు అయ్యాక మాట్లాడదామని ఆగి ఉంటే ఆమె గొంతు మనకి వినపడేదే కాదు.

అయినా బబ్లీ గారితో నాకూ పేచీ ఉంది. రాజస్థాన్ భంవరీ దేవిని తల్చుకోండి. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం. ఊరు వెలేసింది. 1995లో కింది కోర్టు నిందితుల్ని అత్యాచారం ఆరోపణ నుంచి విడిచిపెట్టేసింది. ఆమె కేసు వల్లే 1997లో పని చోట వేధింపుల మీద సుప్రీంకోర్టు ‘విశాఖ’ తీర్పు, 2013లో పని చోట వేధింపుల చట్టం... వాటి ఫలం ఆఫీసుల్లో పనిచేసే మనందరికీ అందింది. ఆమెకేం దక్కింది? సన్మానాలప్పుడు శాలువాలు. మనకి కథలు కావాలి, మనుషులు అక్కర్లేదు.

కరీంనగర్_కుర్రోడు:
ఇదంతా ఎందుకక్కా, 2019లో దిశ కేసులో చేసినట్టు ఎన్‌కౌంటర్ చేస్తే నెల రోజుల్లో సెట్ అయిపోద్ది.

నల్లమల_నీలిమ:
తమ్ముడూ, ఆ ఎన్‌కౌంటర్ బూటకమని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషనే 2022లో తేల్చింది. పోలీసులు ‘దిశ’ అని పిలవమని చెప్పేలోపే ఆ అమ్మాయి అసలు పేరు, ఫొటో హ్యాష్‌ట్యాగ్ చేసి ఊరేగించాం. అది కూడా న్యాయం కోసమే అనుకున్నాం. ఆ చర్చ ఇంకో థ్రెడ్‌లో పెట్టుకో.

డ్యూటీ_అక్క:
నేను ప్రభుత్వాసుపత్రికి తోడుగా వెళ్లే వాలంటీర్ని. నా బ్యాగులో ఏముంటాయో చెప్తాను: ఒక వదులు చుడీదార్, తువ్వాలు, చెప్పులు, ఛార్జర్. ఎందుకంటే ఒంటి మీద బట్టలు సాక్ష్యం కింద సీల్ వేసి తీసుకెళ్లిపోతారు. తిరిగి వెళ్లడానికి ఏం కట్టుకోవాలో ఎవరికీ ఆలోచన ఉండదు. ఒకసారి ఒకావిడ ఆసుపత్రి దుప్పటి చుట్టుకుని ఆటో ఎక్కబోతుంటే చూశాను, అప్పట్నుంచీ బ్యాగు సర్దే ఉంచుతున్నాను.

ఆ రాత్రి దాటాక అసలు పని మొదలు. సఖి కేంద్రంలో, అంటే హింసకి గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన సహాయ కేంద్రంలో, కౌన్సెలింగ్‌కి మొదటిసారి వస్తారు, రెండోసారికి ‘ఇంట్లో ఏం చెప్పి రావాలి’ అని ఆగిపోతారు. పరిహారం ఉందనే తెలియదు. నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) 2018 పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పెట్టాలి. ఆ ఫారం నింపడానికి మనుషులు దొరకరు గానీ మైక్ పట్టుకోవడానికి బోలెడుమంది. కోపంగా రాస్తున్నానేమో, రాయనివ్వండి.

పేరులేదు_ప్రస్తుతానికి:
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను. నేను మాట్లాడినదాన్ని. మా ఊళ్లో కాదు, వేరే రాష్ట్రంలో, కేసు అయ్యాక.

మాట్లాడటం నాకు మంచే చేసింది. అందుకే ‘పాపం, వదిలేయండి’ అనేవాళ్లన్నా నాకు చిరాకే. వాళ్లూ మా తరఫున నిర్ణయం తీసేసుకుంటున్నారు, కాకపోతే మెత్తగా. కానీ బబ్లీ గారూ, మీరు అడిగిన తీరు చూడండి. కోర్టుకి తోడొచ్చింది మీరే, బస్ ఛార్జీ పెట్టింది మీరే, ఇప్పుడు సభకి రమ్మంటున్నదీ మీరే. ఆ అమ్మాయి ఏ నోటితో వద్దంటుంది? ‘వద్దంటే రేపట్నుంచి రారేమో’ అన్న భయం ఉంటుందండీ. నాకు ఉండేది. అందుకే ఫోన్ ఎత్తడం మానేసి ఉంటుంది, మా దగ్గర ‘వద్దు’ అనడానికి అదొక్కటే దారి.

హైదరాబాద్‌లో ప్రజ్వల అనే స్వచ్ఛంద సంస్థ పెట్టిన సునీతా కృష్ణన్ తన మీద జరిగిన అత్యాచారం గురించి బాహాటంగా చెప్తారు. సుజెట్ హెల్ప్‌లైన్‌లో కౌన్సెలర్‌గా పనిచేసింది. ఉద్యమం అంటే స్టేజీ ఒక్కటే కాదు. నేనిప్పుడు చేసేది ముఖం కనపడని పని, కొత్తగా కేసు పెట్టినవాళ్లకి ‘రేపు వాయిదాలో ఏం అడుగుతారు’ అని ముందురోజు ఫోన్‌లో చెప్పడం. టెన్షన్ సగం తగ్గుతుంది వాళ్లకి. నాకూ నిద్ర పడుతుంది.

బెజవాడ_బబ్లీ:
ఫోన్ సంగతి నాకు తట్టలేదు. సభ మాట ఇక ఎత్తం. వాయిదాకి మాత్రం మామూలుగానే వెళ్తాం, ఆ సంగతే మెసేజ్ పెడతాను. కానీ బయటికొచ్చి మాట్లాడేవాళ్లు పెరగాలన్న నా మాట మీదే నేనున్నాను, అందులో మార్పు లేదు. తనకే ఎప్పుడైనా అనిపిస్తే పేరు లేకుండా గొంతు రికార్డు చేసి వినిపించవచ్చా, వకీలు గారూ?

ఓరుగల్లు_వకీలు:
తనకే అనిపిస్తే చేయవచ్చు. అయితే చట్టం దాచమన్నది పేరొక్కటే కాదు, మనిషి ఎవరో తెలిసిపోయే ఏ వివరమైనా. ఊరు, కాలేజీ, నాన్న ఏం చేస్తాడు, కేసు ఏ స్టేషన్‌లో ఉంది, ఇవన్నీ తీసేయాలి. గొంతు మార్చండి, లేదా ఇంకెవరితోనైనా చదివించండి. యూట్యూబ్‌లో పెట్టకండి. తర్వాత ఆమె మనసు మారితే ఎన్ని ఫోన్లలోంచి తీయిస్తారు?