సాలెన్ రాగి సంక్లిష్టం: బ్యాక్టీరియాను ఆపుతున్నది సంక్లిష్టమా, విడిపడిన రాగి అయానా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, చెన్నై):
అందరికీ నమస్కారం. రెండు మోళ్ల సాలిసిలాల్డిహైడ్‌కు ఒక మోల్ ఎథిలీన్ డైఅమీన్‌ను వేడి ఇథనాల్‌లో చుక్కచుక్కగా కలిపితే, ఫ్లాస్కు చల్లారక ముందే పసుప్పచ్చని రేకులు దిగాయి. సాలెన్ అనే ఆ షిఫ్ బేస్‌ను (లోహాన్ని పట్టుకునే అణువు, అంటే లైగాండ్) కాపర్ అసిటేట్‌తో రిఫ్లక్స్ చేసి రాగి సంక్లిష్టాన్ని తయారుచేశాను. డిస్క్ పరీక్షలో (పదార్థం అద్దిన బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని కొలిచేది) స్టెఫిలోకాకస్ ఆరియస్‌పై లైగాండ్ కంటే సంక్లిష్టానికే పెద్ద వలయం వచ్చింది. కీలేషన్ (లైగాండ్ లోహాన్ని ఒకటి కంటే ఎక్కువ చోట్ల పట్టుకోవడం) వల్ల లోహ అయాను ధ్రువత తగ్గి, కొవ్వులో కరిగే గుణం పెరిగి, సంక్లిష్టం కణత్వచాన్ని సులువుగా దాటుతుందనే ట్వీడీ వివరణతో అధ్యాయం ముగించవచ్చునా? ఇంకొక సందేహం: సంక్లిష్టం ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో కూడా 3400 సెం.మీ⁻¹ దగ్గర, O–H బంధాలకు వచ్చేలాంటి వెడల్పాటి పట్టీ కనిపిస్తోంది. ఫీనాల్ హైడ్రోజన్ పోలేదని అనుకోవాలా?

జవాబు 1 (బెంగళూరు):
అమ్మా, ఆ వివరణ తప్పని నేను అనను, కానీ మీ ప్రయోగం దాన్ని ఇంకా నిరూపించలేదు. ద్రావణి అయిన డీఎంఎస్‌ఓ ఒక్కదానితో, అదే మోలార్ గాఢతలో కాపర్ అసిటేట్‌తో కూడా పరీక్ష చేశారా? రాగి అయానుకు స్వతహాగానే బ్యాక్టీరియాను చంపే గుణం ఉంది కాబట్టి, ఈ కంట్రోల్ లేని వలయం మనకు ఏమీ చెప్పదు. పైగా మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములంటే లైగాండ్ (అణుభారం 268) 0.37 మిల్లీమోలార్, సంక్లిష్టం (సుమారు 330) 0.30 మాత్రమే. బరువును బట్టి కాక మోళ్లను బట్టి పోల్చండి. నీటిలో సరిగా కరగని పదార్థం అగార్‌లో పాకదు, కనుక వలయం వ్యాసం కంటే బ్రాత్ డైల్యూషన్‌లో (పోషక ద్రవంలో పలుచన చేస్తూ చూసే పరీక్ష) వచ్చే ఎంఐసీ విలువే (పెరుగుదలను ఆపే కనిష్ఠ గాఢత) నమ్మదగినది.

జవాబు 2 (చెన్నై):
ఐఆర్ సంగతి నేను చెబుతాను. మన ఊరి ఉక్కపోతలో ఐఆర్ నమూనాలో కలిపే కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పొడి ఆరుబయట కొన్ని నిమిషాలున్నా తేమ పీల్చుకుంటుంది, ఆ నీటి పట్టీ సరిగ్గా 3400 దగ్గరే వస్తుంది. సాలెన్‌లోని ఫీనాల్ హైడ్రోజన్ ఇమీన్ నైట్రోజన్‌తో బంధం కట్టుకుని ఉంటుంది కాబట్టి, దాని పట్టీ ఇంకా దిగువన, బలహీనంగా పరచుకుని ఉంటుంది. పొడిని 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, వేడి తగ్గేవరకు డెసికేటర్‌లో ఉంచి మళ్లీ తీయండి. అప్పటికీ పోకపోతే సంక్లిష్టంలోనే నీరుందేమో టీజీఏలో (వేడిచేస్తూ బరువు తగ్గుదలను కొలిచే పరీక్ష) చూడాలి.

విద్యార్థిని:
చాలా కృతజ్ఞతలండీ. కాపర్ అసిటేట్ కంట్రోల్ నేను పెట్టలేదు. ఈ.కోలైపై తేడా స్వల్పంగానే ఉంది, అది కూడా లోపమేనా?

జవాబు 1:
లోపం కాకపోవచ్చు, గ్రామ్ నెగటివ్ జీవులకు ఉన్న బయటి పొర చాలా పదార్థాలను అడ్డుకుంటుంది. అయితే బ్రాత్‌లోని అమైనో ఆమ్లాలు కూడా రాగిని పట్టుకోగలవు. సంక్లిష్టాన్ని అదే బ్రాత్‌లో 37 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచి, మొదట్లోనూ చివర్లోనూ యూవీ వర్ణపటం తీయండి. పట్టీలు మారకుండా నిలిచి, సంక్లిష్టం విడిపోలేదని తేలినప్పుడే కీలేషన్ గురించి రాయండి.